ఎర్రదారం డబ్బీ, తెల్లదారం డబ్బీ

“...ఆ రోట్లో ఇక జన్మలో పచ్చడి నూరను. చచ్చినా నూరను.”

“నూరొద్దు. నిన్నెవరు నూరమన్నారు?”

“నూరకపోతే రేపు అన్నంలోకి ఏం వేసుకుంటారంట? పీత మలామా?”

“అది తినేది కాదు. పుండుకి రాసేది.”

“ఆ ముక్క పిల్లికి చెప్పండి. పొద్దుట్నించీ రోలు వదలడం లేదు.”

బందరులో ఆ ఆస్పత్రి క్వార్టర్ల గోడలు ఒక్క ఇటుక మందం. ఒకింట్లో గిన్నె జారితే మూడో ఇంట్లో ఉలిక్కిపడతారు. అందుకని ఆదివారం చర్చికి బయల్దేరే వేళ కాంపౌండరు ఏసుపాదం గారింట్లో లేచిన ఈ రోటి తగాదా వరస మొత్తం విన్నది. విని, ఒక్కళ్ళు తప్పకుండా అందరూ ఆయన భార్య ఎలీసబెతు పక్షమే చేరారు. చేరక ఏం చేస్తారు? రెండురోజులుగా ఆ వాసన వాళ్ళూ పీలుస్తున్నారు.

ఆస్పత్రిలో మందులు నూరడానికి కల్వం లేదా అంటే ఉంది. తెల్లటి పింగాణీ కల్వం. ముప్ఫై ఏళ్ళుగా ఏసుపాదం చేతుల్లోనే అరిగింది. కానీ పెద్ద డాక్టరు రామబ్రహ్మం గారు, “దాంట్లో పీతను నూరావంటే నిన్నూ కల్వాన్నీ కలిపి కాలవలో పారేస్తానోయ్,” అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ అన్నారు. దాంతో పీత ఇంటి రోటికి వచ్చింది.

అసలు ఏసుపాదానికి ఈ పీతల గొడవ ఎక్కడిదంటే, గుడివాడ దగ్గర ఆయన పుట్టిన పల్లె దాకా వెళ్ళాలి. తండ్రి తోమాసు ఒక కామందు దగ్గర పాలేరు. దున్నుతుంటే నాగలి కర్రు మడమలో దిగింది. ఆ పుండు ఏడేళ్ళు మానలేదు. పసుపు పెట్టారు, వేపాకు కట్టారు, పాదిరిగారి చేత ప్రార్థన చేయించారు. వేసవిలో మానినట్టే మానేది, నాట్లకి మళ్ళలో దిగగానే మళ్ళీ నోరు తెరిచేది. ఏసుపాదం అప్పటికి పదేళ్ళవాడు. చేలో ఒక పీతను పట్టుకోబోతే దాని డెక్క, ఆ కరిచే ముందుకాలు, ఊడి చేతిలోకి వచ్చింది. డెక్క పారేసి, పీతను పగిలిన కుండలో కాస్త బురద పోసి ఇంటి వెనక దాచాడు. రోజూ రెండు మెతుకులు వేసేవాడు. కొన్ని వారాలకి ఊడినచోట బుడిపె లేచింది. ఆ తరవాత ఒకనాడు పీత పెంకు వదిలేసి బయటికి వచ్చింది. చూస్తే డెక్క ఉంది. చిన్నది, మెత్తనిది, చంటిపిల్ల చెయ్యిలాంటిది.

కుండ ఎత్తుకెళ్ళి తండ్రికి చూపించాడు. తోమాసు కట్టు విప్పుకుంటూ దానికేసి చూసి, “దానికి దేవుడు రెండోసారి ఇస్తాడురా. మనకి ఒకేసారి,” అని మళ్ళీ కట్టు పనిలో పడ్డాడు. ఆ సంవత్సరమే పుండు విషమించి పోయాడు.

బురదలో పాకే పీతకి కాలికి కాలే వస్తుంది, వాళ్ళ నాన్నకి అరచెయ్యంత తోలు రాలేదు. ఇదేం లెక్క? ఈ ప్రశ్న ఏసుపాదానికి భక్తిగా రాలేదు, కోపంగా వచ్చింది. థర్డ్ ఫారంతో చదువు ఆగిపోయినా, ఆస్పత్రిలో చేరి కాంపౌండరు అయినా, పెళ్ళయినా, తల నెరిసినా ఆ కోపం తగ్గలేదు. మానని పుండు ఎదురైనప్పుడల్లా కుండలో పీతే గుర్తొచ్చేది. ఆ మొలకలో ఏదో ఉంది. ఏదో ఒక రసం, ఒక పదార్థం. దాన్ని బయటికి తీసి మనిషి పుండుకి రాస్తే?

ఈ మాట పాతికేళ్ళలో నలుగురైదుగురు డాక్టర్లకి చెప్పాడు. ఒకాయన నవ్వాడు. ఒకాయన, “ముందు ఆ నాలుగో బెడ్డుకి కట్టు మార్చు,” అన్నాడు. రామబ్రహ్మం గారు ఒక్కరే నవ్వకుండా విన్నారు. బల్లి తోక ఎలా పెరుగుతుందా అని జీవితాలు ధారపోసేవాళ్ళు పైదేశాల్లో ఉన్నారనీ, ఇది మరీ అంత పిచ్చి కాదనీ అన్నారు. ఆ వెంటనే చిక్కు కూడా పెట్టారు.

“నువ్వు రాస్తావు, పుండు మానుతుంది. పీత వల్లే మానిందని నాకెలా తెలుస్తుంది? ఊరికే కూడా మానుతాయి పుళ్ళు. నాకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకే రకం పుండు, ఒకే వయసు, ఒకే తిండి, ఒకే నీళ్ళు. ఒకడికి నీ పీత, ఒకడికి ఉత్త వాజలైను. ఎవరిది ఏదో వాళ్ళకి తెలియకూడదు. తేడా కనిపిస్తే నువ్వు కొలతలు రాసిన పుస్తకం నేనే విశాఖపట్నం పెద్ద కాలేజీకి పంపిస్తాను. కానీ జూన్‌లో నేను రిటైరై వెళ్ళిపోతున్నాను. ఆ లోపల తేవాలి.”

ఇది యాభై ఎనిమిది ఫిబ్రవరి మాట. చేతిలో నాలుగు నెలలు. యాభై నాలుగేళ్ళ వయసులో ఏసుపాదం కోరిందల్లా ఒక్కటే, అవునో కాదో తేలాలి. కాదన్నా సరే. తేలితే చాలు.

పీతలు దివిసీమలో ఉన్నాయి. బందరులో బస్సెక్కి, అవనిగడ్డలో దిగి, నాగాయలంక బస్సు కోసం గంటో గంటన్నరో చెట్టులేని చోట నిలబడి, అది వచ్చాక టాపు మీద కోళ్ళగంపలు సర్దేదాకా ఇంకో అరగంట ఆగి, నాగాయలంకలో దిగి, అక్కణ్ణించి కరకట్ట మీద నడిచి పల్లెపాలెం చేరేసరికి మనిషిలో సగం ఆవిరైపోతాడు. మొదటిసారి అలా చేరి, అక్కడ పీతలమ్మే పోలమ్మను అడిగాడు, డెక్క మళ్ళీ మొలుస్తున్న పీతలు కావాలని.

పోలమ్మ ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. అక్కడ మొలక వేస్తున్న పీత వలలో పడితే ఎవరూ ఇంటికి తేరు. ఇస్తున్న దేవుడి చేతికి మధ్యలో చెయ్యి అడ్డుపెట్టకూడదని తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. తాతలనాటి నేమం. మండపీతలు పుట్టెడు దొరికే చోట, ఏసుపాదానికి కావలసిన పీత ఒక్కటే దొరకదు. ఆయన అక్కడే కట్ట మీద కూలబడి తండ్రి మడమ సంగతి, కుండలో పీత సంగతి అంతా చెప్పుకొచ్చాడు. పోలమ్మ విన్నది. విని ఒక షరతు పెట్టింది. మొలక ఒక్కటీ గిల్లుకోవాలి, పీతను పట్టినచోటే వదిలెయ్యాలి. దానికి ఎలాగూ ఇంకోటి వస్తుంది.

“దేవుడికి అదో పెద్ద పని కాదులెండి. అయితే ముందు మా ఇంటాయన కాలు చూడాలి మీరు,” అంది.

ఇంటాయన సూరయ్య. కార్తీకంలో ఒకనాడు ఏటిమొగ దగ్గర పడవ బురదలో కూరుకుపోతే దిగి తోశాడు. అడుగున ఆల్చిప్పలు. మోకాలికింద ముందువైపు తోలు లేచిపోయింది, ఉప్పునీళ్ళలో నాని నాని పుండు పడింది. మూణ్ణెల్లయినా మానలేదు. ఏసుపాదం కట్టు విప్పి చూస్తుండగా పక్క పాకలోంచి ఇంకొకాయన కుంటుకుంటూ వచ్చి తన కాలు కూడా చాపాడు. పోతురాజు. అదే పడవ. ఆ రోజే, అక్కడే, ఆ ఆల్చిప్పల మీదే దిగాడు. అదే పుండు, అంతే పుండు. ఒకే వయసు. తినేది అదే చేప, తాగేది అదే గుంట నీళ్ళు.

ఏసుపాదానికి కళ్ళు చెమర్చాయి. రామబ్రహ్మం గారు అడిగినదాన్ని దేవుడు అక్షరం పొల్లుపోకుండా రెండు కాళ్ళుగా చేసి పంపించాడనుకున్నాడు. ఇంత చక్కని జత జిల్లా మొత్తం గాలించినా దొరకదనుకున్నాడు. దొరకదు నిజమే. అదే కొంప ముంచుతుందని అప్పుడు తెలియలేదు.

పోలమ్మ మొలకలు పోగేసింది. ఆయన వాటిని ఉప్పునీళ్ళ సీసాలో బందరు తెచ్చి, ఎలీసబెతు రోట్లో నూరి, బట్టలో వడగట్టి, వాజలైనులో కలిపాడు. రెండు డబ్బీలు తీసుకున్నాడు. ఎర్రదారం కట్టినదాంట్లో పీత. తెల్లదారం కట్టినదాంట్లో ఉత్త వాజలైను. వాసన పట్టి ఇవ్వకుండా రెంటిలోనూ నాలుగేసి చుక్కలు నీలగిరి తైలం వేశాడు. చీటీలు తీస్తే ఎర్రదారం సూరయ్యకి వచ్చింది. ఇద్దరికీ ఒకటే ఉపదేశం. పొద్దునా సాయంత్రం కాచిన ఉప్పునీళ్ళతో కడగాలి, తుడవాలి, రాయాలి, ఉతికిన గుడ్డ కట్టాలి. మానేదాకా బురదలో దిగకూడదు, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకోవాలి. ఎవరి డబ్బీ వాళ్ళదే. ఇది మాత్రం మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ముగ్గురూ తలాడించారు.

పదిహేను రోజులకోసారి ఆ బస్సులు, ఆ ఎండ, ఆ కరకట్ట. వెళ్ళి పుండు పొడుగునా ఒక దారం పరిచి, అంతమేరకు తుంచి, నోటుబుక్కులో జిగురుతో అతికించి, కింద తేదీ వేసేవాడు. ఎడమ పేజీ సూరయ్య, కుడి పేజీ పోతురాజు.

రెండో దఫాకి రెండు దారాలూ తగ్గాయి. సమానంగా తగ్గాయి. మొదట్లో అంతేలే అనుకున్నాడు. మూడో దఫాకి ఇంకా తగ్గాయి, మళ్ళీ సమానంగా. బడ్డికొట్లో కొలిచి కోసినట్టు రెండు పేజీల్లో రెండు దారాలు ఒక్క పొడుగున్నాయి. నాలుగో దఫాకి ఏసుపాదానికి అన్నం సయించలేదు. ఇంట్లో మాట్లాడటం మానేశాడు. రోటి తగాదా కూడా ఎలీసబెతు ఒక్కతే పెట్టుకోవలసి వచ్చింది. ఎదుటివాడు జవాబివ్వని తగాదాలో రుచేముంది? ఆవిడ చిన్నబోయి, ఒకరోజు తనే రోలు కడిగి, “ఈసారి మొలకలు ఎప్పుడు తెస్తున్నారు?” అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మే నెలాఖరుకి రెండు కాళ్ళూ పూర్తిగా మానాయి. సూరయ్యకీ, పోతురాజుకీ ఒకే వారంలో లేత గులాబీ తోలు వచ్చింది. ఏసుపాదం నోటుబుక్కు తీసుకెళ్ళి రామబ్రహ్మం గారి బల్ల మీద పెట్టి, “తేడా లేదండీ,” అన్నాడు. డాక్టరు గారు పేజీలు తిప్పి చూసి, నిజాయితీగా పనిచేశావని మెచ్చుకున్నారు. పీతలో ఏమీ లేదని తేలడం కూడా తేలడమేనన్నారు. ఏసుపాదం సరేనన్నాడు. నలభై ఏళ్ళు మోసిన కుండను దించి పగలగొట్టినట్టయింది.

పోలమ్మకి ఒక మాట చెప్పిరావడం మర్యాద. జూన్ మొదటివారంలో ఆఖరిసారి పల్లెపాలెం వెళ్ళాడు. ఇక మొలకలు గిల్లొద్దమ్మా, దాంట్లో ఏమీ లేదని తేలిందన్నాడు.

పోలమ్మ చేపలు ఆరబోస్తున్నదల్లా లేచి నిలబడింది. “ఏమీ లేకపోవడమేంటండీ? రెండు కాళ్ళూ మానాయి గదా?”

“అదేనమ్మా. పోతురాజు డబ్బీలో పీత లేదు. అయినా మానింది.”

“ఎందుకు లేదూ? నేను కలిపాను గదా.”

ఏసుపాదానికి మొదట అర్థం కాలేదు. పోలమ్మ తాపీగా చెప్పింది. డబ్బీలు ఇచ్చిన రోజునే మూతలు తీసి వాసన చూసిందట. ఎర్రదారం దాంట్లో పీత ఉంది, తెల్లదారం దాంట్లో లేదు. ఇదేదో కాంపౌండరు గారు పొరపాటు పడ్డారు, లేదా మొలకలు తెచ్చింది తను గనక తన ఇంటాయనకి మాత్రం మంచిది ఇచ్చి మొహమాటపడ్డారు అనుకుంది. రెంటినీ ఒక చిప్పలో వేసి, గరిటెతో కలిపి, సమానంగా తీసి, మళ్ళీ రెండు డబ్బీల్లోనూ సర్దిందట. ఆయన కొత్త డబ్బీలు తెచ్చినప్పుడల్లా అదే చేసింది.

“నీకెలా తెలిసిందమ్మా దేంట్లో ఉందో? నీలగిరి తైలం వేశాను గదా?”

“బాబూ, ముప్ఫై ఏళ్ళు పీతలమ్మినదాన్ని. నా దగ్గరా మీ తైలం?”

ఇక అక్కడ లేచిన గొడవ కట్ట అవతలిదాకా వినబడింది. ఏసుపాదం గారు గొంతు పెంచి మాట్లాడటం అంతవరకు ఎవరూ ఎరగరు. మూడుసార్లు చెప్పానే, ఎవరి డబ్బీ వాళ్ళదేనని మూడుసార్లు తలాడించారే అని ఆయన. ఆడించాం గదండీ, ఎవరి డబ్బీ వాళ్ళ దగ్గరే ఉందిగా అని పోలమ్మ. నాలుగు నెలలు నాశనం చేశారని ఆయన. కాళ్ళు బాగుచేసుకుంటే నాశనం ఎట్లా అవుతుందండీ అని సూరయ్య. పోతురాజు తన మానిన కాలు చాపి, ఇదిగో చూడండి బాబూ, చూడండి అని మధ్యలో మధ్యలో చూపిస్తున్నాడు.

చివరికి పోలమ్మే తగ్గి, నెమ్మదిగా అంది. “అయ్యా, ఇద్దరూ ఒకే పడవ మనుషులండీ. వలలో పడ్డదాంట్లో చెరిసగం తీసుకుంటారు. ఒకడికి జ్వరమొచ్చి ఒడ్డున పడుకున్నా వాడి వాటా వాడింటికి వెళ్తుంది. డబ్బీలో ఉన్నది ఒక్కడే రాసుకుంటే, రేపు రెండోవాడితో కలిసి తెడ్డు ఎట్లా వేస్తాడండీ?”

ఏసుపాదం ఒకే పుండు, ఒకే తిండి, ఒకే నీళ్ళు చూసుకున్నాడు. ఒకే పడవ అంటే ఏమిటో చూసుకోలేదు. బందరులో ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో గడిపినవాడికి, ఒక బెడ్డు మందు పక్క బెడ్డువాడు తాకడన్నదే తెలుసు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాక విషయం పూర్తిగా తలకెక్కింది. ఇద్దరికీ సగం సగం పీత పడింది. పీత వల్ల మానిందేమో. రోజుకి రెండుసార్లు కాచిన నీళ్ళతో కడగడం వల్ల మానిందేమో. బురదలో దిగకపోవడం వల్లేమో. ఉందని తేలలేదు, లేదనీ తేలలేదు. బందరులో దిగీదిగగానే రామబ్రహ్మం గారింటికి వెళ్ళాడు. ఆయన పెట్టెలు సర్దుకుంటున్నారు. అంతా విని పెట్టె మీదే కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వాక కళ్ళద్దాలు తుడుచుకుని అన్నారు.

“రెండు కాళ్ళు మానాయోయ్. సంతోషించు.”

“సంతోషంగానే ఉందండీ. అదే బాధ.”

“మళ్ళీ చెయ్యి అయితే. ఈసారి ఇంకో జతని చూసుకో.”

చెప్పినంత తేలిగ్గా చెప్పి ఆయన రైలెక్కి వెళ్ళిపోయారు. తరవాత వచ్చిన డాక్టరుకి పీత పేరెత్తితే చాలు, కిటికీ తెరవమనేవాడు. ఏసుపాదం ఊరుకోలేదు. గుడివాడ దగ్గర సొంత పల్లెలో ఇద్దరు అన్నదమ్ముల్ని పట్టుకున్నాడు. వాళ్ళు పాలు పంచుకోరు, గట్టు దగ్గర కొట్టుకున్నారు కూడా, ఫర్వాలేదనుకున్నాడు. పుండు అనేసరికి తమ్ముడు కరిగిపోయి తన డబ్బీ అన్నకిచ్చేశాడు. పామర్రులో ఒకింట్లో అత్తాకోడళ్ళకి ఒకేలా కాళ్ళు కాలాయి. మాటల్లేని అత్తాకోడళ్ళు. ఇంతకంటే గట్టి జత ఉండదనుకుని ఇచ్చాడు. పంచుకోలేదు నిజమే. అత్తగారు రెండు డబ్బీలూ లాక్కుంది. ఆ ఇంటి గుమ్మంలో ఏసుపాదం గొడుగు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయాడట, ఎండలోకి దిగకుండా, లోపలికి వెళ్ళకుండా. వీళ్ళు పంచుకుంటే పనికిరాదు, లాక్కుంటే పనికిరాదు. ఈ కృష్ణాజిల్లాలో తనకిచ్చింది తను రాసుకుని ఊరుకునే మనిషే లేడా?

ఇప్పుడాయన రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఎలీసబెతు ఆ పాత రోలుని అక్కడ వదిలి రానియ్యలేదు. బండిలో ముందు అదే ఎక్కించింది. కొత్తింట్లో రెండు రోళ్ళున్నాయి. ఒకటి పచ్చడికి, ఒకటి పీతకి. ఎవరైనా అడిగితే, “ఆయనకి తేలేదాకా ఉండనీండి,” అంటుంది. ప్రతి వేసవిలోనూ పోలమ్మ కబురు లేకుండానే ఉప్పునీళ్ళ సీసాలో మొలకలు పంపిస్తుంది, తప్పు తనదేనేమోనని అనుమానం ఉన్నట్టుంది గానీ ఒప్పుకోదు.

ఇది రాస్తున్నవాడు కాలేజీ ఎగ్గొట్టి ఊళ్ళు పట్టుకు తిరిగే రకమని ఆయనకి తెలుసు. మొన్న పాత నోటుబుక్కు తెరిచి, ఎడమ పేజీ దారాన్నీ కుడి పేజీ దారాన్నీ వేలితో తడిమాడు. తరవాత పుస్తకం మూసి అడిగాడు.

“నువ్వెలాగూ తిరుగుతూ ఉంటావు గదా బాబూ. నాకు ఇద్దరు మనుషుల్ని చూసిపెట్టు. ఇద్దరికీ మానని పుళ్ళుండాలి. ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్ళయి ఉండాలి, కానీ ఒకరిది ఒకరు లాక్కునేవాళ్ళు కాకూడదు. ముఖ్యంగా ఒకే పడవ మనుషులు కాకూడదు. కనిపిస్తే ఒక కార్డుముక్క రాయి. ఏ ఊరైనా సరే, బస్సెక్కి వస్తాను.”